కిరీటం కింది చిగురు

రాజ్యాలు పోయినవి, జమీందారీలు పోయినవి, కిరీటాలు పోయి చాలాకాలమయింది. అయినా మాకు ఒక కిరీటం దక్కింది. తల మీద కాదు. కింది దవడలో ఎడమ పక్క, వెనుక నుంచి రెండవ పంటి చోట. దంతవైద్యులు దానిని క్రౌన్ అంటారు, మా వీధిలో క్యాపు అంటారు. దాని కింద ఎముకలోకి దిగి ఒక టిటానియం మరమేకు వుంటుంది. దాని పేరు ఇంప్లాంటు. ఈ కిరీటం వల్ల మేము పొందిన సుఖమూ, పడిన అవస్థా రెండూ ఈ నెల పాఠకుల ముందు పెడుతున్నాము. పోయిన నెల మాట ఇచ్చిన పాత తూకాల సంగతి ఇంకొకసారి. ఇది ముందు రాయవలసి రావడానికి కారణం మా అప్ప. ఆవిడ సంగతికి తరువాత వస్తాము.

కథ సంఘం వారి ఉగాది విందులో మొదలయింది. ఆనాడు చేగోడీలు బాగా వేగినవి. ఎప్పుడో వేరు చికిత్స చేయించి, పైన తొడుగు వేయించకుండా వదిలేసిన మా దవడపన్ను చేగోడీకి జవాబు చెప్పలేక రెండుగా చీలిపోయింది. తప్పు చేగోడీది కాదు. వేరు చికిత్స జరిగిన దవడపన్ను విరిగే ప్రమాదం వుంటుంది, తొడుగు వేయించుకోండి అని అప్పుడే చెప్పినారు. మేమే "నెల తిరగనీయండి" అన్నాము. గుమాస్తా ఇంట్లో నెల తిరగడమంటే ఏమిటో పాఠకులకు చెప్పనక్కరలేదు. చీలినదాన్ని పీకించి, ఆ ఖాళీని మరి రెండేళ్లు అలాగే వుంచినాము. ఒక్క పన్నే గదా, రెండో పక్కన నమిలితే సరిపోతుందనుకొన్నాము.

ఒక్క పన్ను పోతే ఒక్కటే పోయి వూరుకోదు. వెనకాల వున్నది ఖాళీలోకి ఒరుగుతుంది. పై దవడలో దానికి ఎదురుగా వున్నది, ఆనుకొనే జోడు లేక కిందికి దిగుతుంది. ఇన్నాళ్లూ ఆ పంటిని మోసిన ఎముక పని పోయిన నౌకరు మాదిరి చిక్కిపోతుంది. ఆ చిక్కడం మొదటి ఏడాదిలోనే ఎక్కువ. మేము మళ్లీ వైద్యుని దగ్గరకు వెళ్లేసరికి ఇవన్నీ కొద్దికొద్దిగా మొదలయినవి.

ఆయన మూడు దారులు చెప్పినారు. రాత్రి తీసి నీళ్లలో వేసుకొనే పెట్టుడు పన్ను ఒకటి. రెండవది వంతెన, దానికి ఇటూ అటూ వున్న మంచి పళ్లను అరగదీసి తొడుగులు వేసి, మధ్య పంటిని వాటి మీద వేలాడదీయాలి. మూడవది మేకు. పక్కవాటి జోలికి పోకుండా తన కాళ్ల మీద తాను నిలిచేది ఇదొక్కటే. ఆ గుణమే మమ్మల్ని పట్టుకొన్నది. వంటింటి కప్పు బాగుచేయించడానికని మా శ్రీమతి వేస్తున్న చిట్టీని పాట పాడి, ఆ డబ్బు మా దవడలో పోసినాము. కప్పు ఈ వానాకాలం కూడా కారింది.

ఈ మేకు కనిపెట్టిన వైనం వింతగా వుంటుంది. దానిని వెతికిన వారెవరూ లేరు. 1952లో స్వీడన్ దేశంలో లుండ్ పట్టణాన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ అనే శాస్త్రజ్ఞుడు కుందేలు కాలి ఎముకలో రక్తం ఎలా ప్రవహిస్తున్నదో చూడడానికి టిటానియంతో చేసిన చిన్న పరికరమొకటి అందులో అమర్చినాడు. పని అయిపోయిన తరువాత తీయబోతే రాలేదు. ఎముక దానిని తనలో కలుపుకొని పట్టుకొన్నది. లోహాన్ని ఒళ్లు పరాయిదిగా తోసివేయక సొంతం చేసుకొంటుందని అక్కడ బయటపడింది. 1965లో గోథెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే ఆయన దవడలో మొదటిసారి ఇటువంటి మేకులు పెట్టినారు. ఆయన 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి పని చేసినవి. లోకంలోని వైద్యులు మాత్రం వెంటనే నమ్మలేదు. 1982లో కెనడాలోని టొరంటోలో సభ జరిగి, లెక్కలన్నీ చూపిన తరువాతనే దీనికి గౌరవం వచ్చింది.

మా దవడలో మేకు దిగడానికి ముప్పావు గంట పట్టింది. నొప్పి మేము భయపడినంత లేదు. తరువాత నాలుగు నెలలు ఎముక దానిని పట్టుకొనే వరకు ఆగినాము. అప్పుడు దాని మీద ఒక మెడ బిగించి, మెడ మీద పింగాణీ కిరీటాన్ని సిమెంటుతో అతికించినారు. అద్దంలో చూసుకొంటే ఏది మనదో ఏది తెచ్చుకొన్నదో తెలియలేదు. "ఇక దీనికి పుచ్చు పట్టదు గదా?" అన్నాము. వైద్యుడు నవ్వి ఒడియాలో "కిఛి హెబ నాహిఁ" అన్నాడు. ఏమీ కాదు అని. ఆ మూడు మాటలూ ఇంటికి తెచ్చుకొన్నాము. మళ్లీ ఎప్పుడు రావాలని మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆయన అబద్ధం చెప్పలేదు. పింగాణీకి పుచ్చు పట్టదు, టిటానియానికి పట్టదు. పట్టేది చిగురుకు.

మూడవ ఏడు నడుస్తుండగా బ్రష్ మీద ఎరుపు కనబడింది. నొప్పి లేదు, వాపు లేదు, కనుక లెక్కచేయలేదు. ఆరు నెలలు గడిచినవి. ఒకనాడు మా శ్రీమతి, పక్కన ఎవరూ లేనప్పుడు చూసి, "ఏమీ అనుకోకండి, మీ నోరు వాసన వస్తున్నది" అన్నది. ఇరవై ఏళ్ల కాపురంలో మాకు ఇంత సిగ్గయిన సందర్భం ఇంకొకటి లేదు. ఆఫీసులో మా బల్లకు ఎదురుగా కూర్చొనేవారు కొంతకాలంగా కుర్చీని వెనక్కి జరుపుకొంటున్నారు; అది ఫ్యాను గాలి కోసమనుకొన్నాము.

ఈసారి వేరొక వైద్యురాలి వద్దకు వెళ్లినాము. ఆమె సన్నని కొలబద్ద పుల్లను కిరీటం పక్కన చిగురులోకి మెల్లగా దించింది. రక్తం, దాని వెంట చీమూ వచ్చినవి. ఎక్స్‌రే తీయించి చూపింది. మరమేకుకు వుండే చుట్లలో పై రెండు చుట్ల దాకా ఎముక తరిగిపోయి వున్నది. "కిరీటం పెట్టిన రోజున తీసిన ఎక్స్‌రే వున్నదా?" అని అడిగింది. లేదన్నాము. "మేకు ఏ కంపెనీది, ఏ కొలత?" తెలియదన్నాము. ఆఫీసులో పరుల సెలవు చీటీకి కూడా ఫైలు కట్టి నంబరు వేసే మనిషిమి. మా చిట్టీ డబ్బంతా పోసిన పంటికి ఒక్క కాగితం దాచలేదు.

ఆమె ఓపికగా చెప్పిన విషయాలలో మాకు అర్థమయినంత వరకు ఇక్కడ రాస్తున్నాము. మేము మెట్రిక్ చదివిన గుమాస్తాలం, వైద్యులం కాము. పొరపాటుంటే వైద్యులు మన్నించాలి.

దేవుడిచ్చిన పన్ను ఎముకలో పాతినట్టు వుండదు. మిల్లీమీటరులో అయిదో వంతు మందం వున్న నారపోగుల పొర ఒకటి దానిని ఎముకలో వుయ్యాలలా పట్టి వుంచుతుంది. అందుకే కొరికినప్పుడు అది కొంచెం అణుగుతుంది. అన్నంలో రాయి తగిలితే పట్టు వదలమని దవడకు కబురు పంపేది ఆ పొరే. మేకుకు ఆ పొర లేదు. అది గోడలో దిగిన మేకే. బరువంతా సూటిగా ఎముక మీద పడుతుంది, ఎక్కువయితే చెప్పేవాడుండడు. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవారి కిరీటాలు పగలడానికీ, లోపలి మర వదులుకావడానికీ ఇది ఒక కారణం.

రెండవ తేడా ఇంకా ముఖ్యమైనది. సహజమైన పంటి మెడ వద్ద చిగురు పోగులు వేరులోకి చొచ్చుకొని అల్లుకొని వుంటాయి. మేకు మెడ వద్ద అవి చొచ్చుకోలేవు. చుట్టూ ఆనుకొని మాత్రం వుంటాయి, చేతికి గాజు వున్నట్టు. గాజు ఎంత బిగుతుగా వున్నా చెయ్యి దానికి అతుక్కోదు గదా. పళ్ల మీద పేరుకొనే పాచిలోని సూక్ష్మజీవులకు అక్కడ దారి తేలిక. మొదట చిగురు ఎర్రబడి, తాకితే రక్తం వస్తుంది. ఈ దశలో శుభ్రం చేయిస్తే పూర్తిగా నయమవుతుంది. వదిలేస్తే జబ్బు ఎముకలోకి దిగుతుంది. పోయిన ఎముక తనంతట తాను తిరిగిరాదు. ఇదంతా చాలామందిలో నొప్పి లేకుండానే జరుగుతుంది. పన్ను నొప్పెడితే లేచి పరుగెత్తుతాము. మేకుకు నరం లేదు. రక్తమొక్కటే దాని భాష, ఆ భాష మేము ఆరు నెలలు వినలేదు.

మా విషయంలో ఇంకొకటి తోడయింది. కిరీటాన్ని అదిమి అతికించినప్పుడు మిగిలిన సిమెంటు చిగురు కిందికి జారి గట్టిపడింది. ఆమె బయటికి తీసిన ముక్క నూకగింజలో సగం లేదు. దాని గరుకు మీద మూడేళ్లు పాచి కాపురం చేసింది. ఇది మా ఒక్కరి ఖర్మ కాదు. 2009లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 39 మంది రోగుల మేకుల చుట్టూ చిగురు లోపల చిన్న కెమెరాతో చూస్తే, జబ్బు పడినవాటిలో నూటికి 81 చోట్ల మిగులు సిమెంటు కనబడింది. అది తీసివేసిన తరువాత నెల రోజులలో వాటిలో నాలుగింట మూడు వంతులు నెమ్మదించినవి. సిమెంటు లేకుండా మరతోనే బిగించే కిరీటాలూ వున్నవి. వాటి నెత్తిన చిన్న రంధ్రం వుంటుంది, దాన్ని మూసివేస్తారు. అవసరమైతే విప్పి శుభ్రం చేసి మళ్లీ పెట్టవచ్చు. అందరి దవడకూ అది కుదరదట. కుదురుతుందేమోనని అడగడం మాత్రం మన వంతు.

ఇంకొక చోద్యం. మా కిరీటానికీ, దాని ముందు పంటికీ మధ్య మొదట దారం కూడా బిగుతుగా దూరేది. ఇప్పుడు తోటకూర ఈనె రోజూ ఇరుక్కొంటున్నది. పెట్టిన వైద్యుణ్ణి మనసులో చాలా తిట్టుకొన్నాము. తీరా చూస్తే ఈ దోషం ఆయనది కాదు. మన సొంత పళ్లు జీవితమంతా కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూనే వుంటాయి. మేకు మాత్రం పెట్టిన చోటనే వుంటుంది. అందరూ నడుస్తుండగా ఒక్కడు నిలిచిపోతే ముందువాడికీ వాడికీ ఎడం పెరిగినట్టు, ఖాళీ వస్తుంది. ఆ ఖాళీలో ఇరుక్కొన్న తిండి చిగురునూ చెరుపుతుంది, పక్కనున్న మంచి పంటికి పుచ్చునూ తెస్తుంది. కిరీటం తనకు తాను పుచ్చకుండా పొరుగువాణ్ణి పుచ్చించగలదన్నమాట.

శుభ్రం చేయడానికి నాలుగు రాకలు పట్టినవి. ఎముక ఇంకా తరిగితే చిగురు కోసి తెరవవలసి వస్తుందని చెప్పి, ఆరు నెలల తరువాత ఎక్స్‌రేకు రమ్మన్నది. ఇంట్లో చేయవలసినది కూడా నేర్పింది. సీసాలు కడిగే కుంచె వంటిదే, అగ్గిపుల్ల కంటె చిన్నది, పళ్ల సందులలో దూర్చే బ్రష్ ఒకటి దొరుకుతుంది. దాని తీగకు ప్లాస్టిక్ పూత వుండాలి. రాత్రి పడుకోబోయే ముందు కిరీటానికి రెండు పక్కలా దాన్ని ఆడించాలి. మామూలు బ్రష్‌ను చిగురు అంచు వైపు వాలుగా పట్టి తోమాలి. వేపపుల్ల మా తాతగారి నుంచి వచ్చిన ఆస్తే గాని, కిరీటం మెడ దాకా అది అందదు. ఉప్పూ బొగ్గూ వేసి రుద్దడం అసలే వద్దన్నది.

ఇక మా అప్ప సంగతి.

అప్ప మాకంటె పన్నెండేళ్లు పెద్ద. మా వూరు బరంపురంలోనే, మా ఇంటికి రెండు వీధుల అవతల వుంటుంది. కింది దవడలో నాలుగు పళ్లు లేవు, ఉన్నవాటిలో రెండు కదులుతున్నవి. కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. వాడు ఫోను చేసి, "మావయ్యా, అమ్మకు నాలుగూ పెట్టించేద్దాం. డబ్బు నేను పంపుతాను. నువ్వు చేయించుకొన్నావు గదా, దగ్గరుండి చూడు" అన్నాడు. బిడ్డ తల్లికి పళ్లు పెట్టిస్తానంటే వద్దనేవాడెవడు? మేమే అన్నాము.

కారణాలు రెండు. అప్పకు పదేళ్లుగా చక్కెర జబ్బు, అది ఎన్నడూ అదుపులో లేదు. రెండవది గుడాఖు. ఇటువైపు వుండనివారికి ఆ మాట కొత్త కావచ్చు. పొగాకు పొడిలో బెల్లపు మడ్డి కలిపి చేసిన ముద్ద అది; చిన్న డబ్బాలలో అమ్ముతారు, వేలితో పళ్లకూ చిగుళ్లకూ రాసుకొంటారు. పళ్లు తోముకోవడమనే పేరుతో మొదలయి, రోజుకు అయిదారు మార్లు రాయనిదే తల తిరిగే స్థితికి వస్తుంది. మా అమ్మ రాసేది, అమ్మను చూసి అప్ప రాసింది. చక్కెర అదుపులో లేకపోతే గాయం మానదు, చిగురు జబ్బు ముదురుతుంది. చిగురు జబ్బు ముదిరితే చక్కెర ఇంకా అదుపు తప్పుతుంది. పొగాకు చిగుళ్లకు రక్తం అందే నాళాలను బిగిస్తుంది, రాసిన చోట చిగురును కిందికి దిగజారుస్తుంది. పొగ తాగేవారి నోట మేకులు విఫలం కావడం ఎక్కువని చాలాకాలంగా రుజువయి వున్నది.

అప్పకు ఇదంతా చెబితే, "మా అమ్మ జీవితమంతా రాసింది. పళ్లతోనే పోయింది గదరా" అన్నది.

"ఎన్ని పళ్లతో పోయిందప్పా?"

అప్ప కాసేపు మాట్లాడలేదు. తరువాత వేళ్లు మడిచి, "నాలుగో, అయిదో" అన్నది.

నాయనమ్మ మాట కూడా అప్పుడే వచ్చింది. ఆవిడ అడ్డచుట్ట తాగేది, నిప్పు వైపు నోటి లోపల పెట్టుకొని. శ్రీకాకుళం వైపు ఆడవాళ్లలో ఆ అలవాటు ఎంత వుండేదో మన పెద్దలందరూ ఎరుగుదురు. 1971లో వెలువడిన ఒక పరిశోధన కోసం అక్కడి పల్లెల్లో పది వేల మందికి పైగా నోళ్లు పరీక్షించి, అంగిలి మీద పుట్టే మచ్చలనూ పుండ్లనూ లెక్కకట్టినారు. నాయనమ్మ అంగిలి ఎప్పుడూ తెల్లగా, పగిలిన గోడలా వుండేదని అప్పకే గుర్తు. మాకు ఆవిడ చుట్ట వాసన ఒక్కటే గుర్తు.

మేనల్లుడికి కోపం వచ్చింది. "డబ్బు నేనిస్తానంటే నీకేమిటి మావయ్యా? నువ్వయితే పెట్టించుకొన్నావు" అన్నాడు. ఆ మాట గుచ్చుకొన్నది. చిట్టీ పాడి మేకు కొనుక్కొన్న మనిషి అప్పకు వద్దంటున్నాడంటే ఎవరికయినా అలాగే తోస్తుంది. జవాబు చెప్పకుండా, అప్పను వెంటబెట్టుకొని ఆ వైద్యురాలి వద్దకే తీసుకొనిపోయినాము. ఆమె ముందుగా అంగిలీ, చెంపలూ, నాలుక కిందా చూసింది. అనుమానించవలసినది లేదన్నది, ఆ ఒక్క మాటకే మా ప్రాణం లేచి వచ్చింది. తరువాత మిగిలిన పళ్ల చిగుళ్లకు వైద్యం చెయ్యాలన్నది. మూడు నెలల చక్కెర సరాసరి చూపే రక్తపరీక్ష రాసింది. కదిలే రెండూ నిలుస్తాయో లేదో చూడాలి. గుడాఖు మానాలి. ఇవన్నీ కుదిరితే ఆరు నెలల తరువాత మేకుల మాట. అంతవరకు తీసి పెట్టుకొనే పళ్లు. చక్కెర వున్నంత మాత్రాన మేకు పనికిరాదని కాదనీ, అదుపులో వుంటే చాలామందికి బాగానే నిలుస్తుందనీ ఆమె ఫోనులో మేనల్లుడికే చెప్పింది. వాడు "సరేనండీ" అన్నాడు. మాతో మాత్రం ఇంకా ముభావంగానే వున్నాడు.

మన సంఘం ఇళ్లలో ఇప్పుడు బెంగుళూరు నుంచీ, అమెరికా నుంచీ పిల్లలు పంపే డబ్బుతో ఈ కిరీటాలు పెరుగుతున్నవి. మంచిదే. ముద్ద నమిలి మింగగలగడం చిన్న సుఖం కాదు. మా కిరీటం ఇంత ఏడిపించినా, దాన్ని పీకించుకొంటారా అంటే వద్దంటాము. కూర్చొనే ముందు మాత్రం అడగండి: సిమెంటా, మరా? పక్క సందుల్లో బ్రష్ దూరుతుందా? కిరీటం పెట్టిన రోజున ఎక్స్‌రే తీసి ఇస్తారా? మేకు కంపెనీ పేరూ కొలతా కాగితం మీద రాసి ఇమ్మనండి. ఒక కంపెనీ మరకు వేరొకరి పనిముట్టు సరిపోకపోవచ్చు. పదేళ్ల తరువాత అది వదులయితే, ఎక్కడో పరవూళ్లో కూర్చొన్న వైద్యుడు ముందు అడిగేది ఆ కాగితమే. మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ వేయించుకొని మరీ లేవండి. ఆరు నెలలకొకసారి అనేది మామూలు లెక్క. చక్కెర వున్నవారికి, వెనుక చిగురు జబ్బు వచ్చినవారికి మూడు నాలుగు నెలలకే రమ్మంటారు.

పై వారం ఆదివారం పొద్దున అప్ప మా ఇంటికి వచ్చింది. కాఫీ తాగి, కొంగు ముడి విప్పి, గుడాఖు డబ్బా తీసి మా బల్ల మీద పెట్టింది. "నీ దగ్గర వుంచు. పారేయకు" అన్నది. సగానికి పైగా వున్నది. ఇది రాస్తున్న బల్ల సొరుగులోనే, మా ఎక్స్‌రే పక్కన అది వున్నది. పదకొండు రోజులయింది. మధ్యలో ఒకసారి వచ్చి సొరుగు వైపు చూసి, వంటింట్లోకి వెళ్లి లవంగం అడిగి పుచ్చుకొన్నది. మా రెండవ ఎక్స్‌రే వచ్చే నెల 12న.